ఇంటి పనిముట్లు: మూడు శక్తులు

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పిరి. నేటి దినములలో ఇల్లు చూడదలచినవారు మొట్టమొదట వంటగదిలోని పనిముట్లను చూడవలెనని మాకు తోచుచున్నది. రెండు తరముల క్రిందట రోలు, రోకలి, సన్నెకల్లు, తిరుగలి ఇంటింట ఉండెడివి. వాటిని నడపు శక్తి ఒక్కటియే. అది ఇల్లాలి భుజబలము. నేడు ఆ భుజములకు మారుగా మూడు శక్తులు మన గుమ్మము ముందు నిలిచియున్నవి: సిలిండరులో వచ్చు వాయువు, తీగెలో వచ్చు విద్యుత్తు, పెట్టెలో నిలువయుండు బ్యాటరీ. వీనిలో దేనిని ఏ పనికి పిలువవలెనను ప్రశ్న చూచుటకు చిన్నది. కాని ఇంటి ఖర్చును, వృద్ధుల క్షేమమును, తుపాను రాత్రి పసిపిల్లల ఆకలిని నిర్ణయించునది అదియే.

మన అంబత్తూరు పనిముట్లు పుట్టు చోటు. 1949లో ఇచ్చట టి.ఐ. సైకిళ్ళ కర్మాగారము వెలసెను. 1960 దశకములో పారిశ్రామికవాడ ఏర్పడెను. 2011లో ఈ ఊరు చెన్నై నగరపాలక సంస్థలో కలిసెను. మా విద్యార్థులలో అనేకుల తండ్రులు లేతు యంత్రముల యొద్ద రాత్రి షిఫ్టులు చేయువారు. వారికి ఇంట తెలుగు, వీధిలో తమిళము, యంత్రము మీద ఆంగ్లము. తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని మేమిచటికి వచ్చిన క్రొత్తలో, మన రుబ్బురోలు ఇచ్చట 'ఆట్టుక్కల్' అని నేర్చుకొంటిమి. ఇప్పుడు ఆ రెండు మాటలును వెనుకకు పోయి, 'గ్రైండరు' అను మాట ఉభయ భాషలవారిని ఏకము చేసినది.

ఆ గ్రైండరుతోనే మొదలిడుదము. పిండి రుబ్బు రాతికి విద్యుత్ మోటారును తగిలించి నడపుట 1955 ప్రాంతమున కోయంబత్తూరులో సభాపతి అనువారి కృషివలన మొదలైనదని చెప్పుదురు. 2011లో తమిళనాడు ప్రభుత్వము మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితముగా పంచు పథకమును ప్రారంభించెను. దానివలన ఎందరో తల్లుల భుజముల నొప్పి తగ్గినది. నూటయేబది వాట్ల గ్రైండరు అరగంట తిరిగినచో యూనిట్టులో పదమూడవ వంతు మాత్రమే కాలును. కనుక తిరుగు పనికి, అనగా రుబ్బుటకు, పొడిచేయుటకు, విసరుటకు విద్యుత్తే తగినది. ఇందు వాదము లేదు.

వాదమంతయు నిప్పు దగ్గరనే వచ్చును. గ్యాసు పొయ్యియా, ఇండక్షను పొయ్యియా? దీనిని నోటిమాటతో గాక లెక్కతో తేల్చవలెను. ఒక లీటరు నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు కాచుటకు 70 కిలోకెలోరీల వేడి కావలెను. ఒక యూనిట్టు విద్యుత్తు 860 కిలోకెలోరీలకు సమానము. ఇండక్షను పొయ్యి నూటికి 85 పాళ్ళు వేడిని గిన్నెకు ఇచ్చుననుకొన్నచో, ఆ నీరు కాగుటకు యూనిట్టులో పదవ వంతు చాలును. గ్యాసు పొయ్యి నూటికి 68 పాళ్ళకు తక్కువ కారాదని మన దేశపు ప్రమాణము. ఆ లెక్కన అదే నీటికి తొమ్మిది, పది గ్రాముల వాయువు పట్టును. 14.2 కిలోల సిలిండరు చేయు వంటను ఇండక్షను పొయ్యి రమారమి 145 యూనిట్లతో చేయును.

ఈ 145 సంఖ్యను గుర్తుంచుకొన్నచో చాలును. మీ ఇంటికి వచ్చిన సిలిండరు వెలను 145చే భాగింపుడు. వచ్చిన సంఖ్య మీ కరెంటు బిల్లులోని చివరి శ్లాబు రేటుకంటె ఎక్కువైనచో ఇండక్షను లాభము. తక్కువైనచో వాయువే లాభము. చివరి శ్లాబు అనుటకు కారణము కలదు. 2016 మే నెలలో మన ప్రభుత్వము రెండు నెలలకు మొదటి నూరు యూనిట్లు ఉచితమని ఉత్తరువిచ్చినది. కాని ఆ నూరును ఫ్యాన్లు, దీపములు, ఫ్రిజ్జు ముందే తినివేయును. పొయ్యి వాడునవి పైమెట్టు యూనిట్లే. అయస్కాంతము అంటుకొనని అల్యూమినియము, ఇత్తడి గిన్నెలు మామూలు ఇండక్షను మీద పనికిరావు. క్రొత్త గిన్నెల ఖర్చును కూడ లెక్కలో చేర్చుకొనవలెను.

ఇక బ్యాటరీ సంగతి. ఇండ్లలో ఇన్వర్టరుతో ఉంచు 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో కాగితము మీద 1.8 యూనిట్లు ఉండును. చేతికి వచ్చునది అంతకు తక్కువ. 1800 వాట్ల ఇండక్షనును దానిమీద నడపగోరుట చెంబుతో చెరువు నింపగోరుటయే. రెండు ఫ్యాన్లకు, నాలుగు దీపములకు మాత్రము అది కొన్ని గంటలు ఆదరువగును. తీగెలేని డ్రిల్లు నిచ్చెన మీద సుఖముగా ఉండును, నిజమే. కాని ఒక కంపెనీ బ్యాటరీ మరియొక కంపెనీ డ్రిల్లునకు సాధారణముగా అమరదు. వాడక దాచియుంచినను అది ముదియుచుండును. సంవత్సరమునకు రెండు మార్లు గోడకు రంధ్రము చేయు ఇంటికి తీగె డ్రిల్లు చాలును. నిత్యము ఆ పనితో బ్రతుకువారికి బ్యాటరీది తగును.

లెక్కకు అందని సంగతులును కలవు. మా తల్లిగారికి డెబ్బదియేడేండ్లు. కొన్నేండ్లుగా ఆమెకు మరపు వచ్చినది. పాలు పెట్టి పూజకు పోవుదురు. పాలు పొంగి మంట ఆరును. వాయువు మాత్రము వచ్చుచునే యుండును. గ్యాసు పొయ్యిని ఆమెకు అందకుండ చేయుదమని ఇంటిలో మాట వచ్చినది. ఆమె విని, "పొయ్యి లేనిదాన్ని ఈ ఇంట్లో చుట్టపుదాన్నే గదా నాయనా!" అనిరి. ఆ మాటకు మాకు బదులు దొరకలేదు. పొయ్యి అనగా ఆమెకు నిప్పు కాదు, అధికారము. కావున తనంతట ఆరిపోవు ఇండక్షను పొయ్యిని ఆమె పేర తెచ్చితిమి. గ్యాసు పొయ్యిని ప్రక్కనే ఉంచి, దాని రెగ్యులేటరును మూయుట కోడలి బాధ్యత చేసితిమి. ఇప్పుడు ఆమె పాలు ఆమెయే కాచుకొనుచున్నారు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చెన్నపట్టణమును ముంచి, పిదప బాపట్ల వద్ద తీరము దాటెను. పారిశ్రామికవాడలోనికి నీరు వచ్చెను. మా వీధిలో కరెంటు పోయెను. తొలి రాత్రి బ్యాటరీ దీపమును ఫ్యానును నిలిపినది. మరునాటికి అదియు సెలవు తీసుకొన్నది. గ్యాసును మాని పూర్తిగా విద్యుత్తును నమ్ముకొన్న ఇండ్లలో ఆ దినము పొయ్యిలో పిల్లి లేవలేదు. ప్రక్కయింటి తమిళ గృహిణి పసిబిడ్డ పాలగిన్నెతో మోకాలిలోతు నీటిలో మా గుమ్మమునకు వచ్చినది. ఆ పాలను గ్యాసు మీద కాచియిచ్చినది మా తల్లిగారే. కోడలు ప్రక్కన నిలిచి రెగ్యులేటరును కనిపెట్టియుండెను.

మూడు శక్తులకును మూడు ప్రమాదములు కలవు. వంటవాయువు గాలికంటె బరువైనది, నేలమట్టున నిలుచును. దానికి స్వతహాగా వాసన లేదు. కారినచో తెలియుటకై దుర్గంధద్రవ్యమును కలుపుదురు. ఆ వాసన వచ్చినప్పుడు ఏ స్విచ్చిని ముట్టక, వేయక, ఆర్పక, రెగ్యులేటరు మూసి తలుపులు తెరచి బయటకు వచ్చి 1906 సంఖ్యకు ఫోను చేయవలెను. విద్యుత్ పరికరమునకు మూడు పిన్నుల ప్లగ్గు, సరియైన ఎర్తు ఉండవలెను. వరదలో తడిసిన గ్రైండరును మెకానిక్కు చూడక మునుపు నడపరాదు. ఇన్వర్టరు బ్యాటరీ చార్జి అగునప్పుడు హైడ్రోజను వెలువడును. దానిని గాలి ఆడు చోటనే ఉంచవలెను.

విద్యార్థులారా! మీ ఇంట క్రొత్త పనిముట్టు కొనబోవునప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఇది చేయు పని ఏమి? దినమునకు ఎన్నిమార్లు? దీనిని వాడువారెవరు? ఇది ఆగిపోయిన దినమున మనకు దారి ఏది? అంగడివాడు మొదటి రెండింటికి బదులు చెప్పును. మూడవదానిని మీ ఇంటి పెద్దలను అడిగి తెలిసికొనుడు. నాలుగవదానిని మన ఊరి డిసెంబరు నెలను తలచుకొని మీరే నిర్ణయించుకొనుడు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టువానిని లోకము ఆక్షేపించును గాని, పనిముట్ల విషయమున ఆ సామెతయే సరియైన నీతి: తిరుగు పనికి తీగె, చీకటికి బ్యాటరీ, అన్నిటికిని వెనుక అండగా ఒక సిలిండరు.