పావగడ అనపకాయలు

పావగడ అనగానే చాలామందికి శనీశ్వరాలయం, కొండమీది కోట గుర్తుకొస్తాయి. అది కర్ణాటకలో తుమకూరు జిల్లా తాలూకా అయినా చుట్టూ చాలామేరకు ఆంధ్ర సరిహద్దే. బోర్డులు కన్నడంలో ఉంటాయి. ఇంట్లో మాట, సంతలో బేరం ఎక్కువగా తెలుగే.

సంక్రాంతి ముందు అక్కడికి వెళ్లేవారు సంతలో అనపకాయలు తప్పక చూడాలి. కోస్తా మిత్రులు సొరకాయ అనుకునేరు! వారి ‘ఆనపకాయ’ వేరు. ఇది చిక్కుడు జాతి, కన్నడిగుల ‘అవరె’. చిక్కుడును కాయతోనే వండుకుంటాం. అనపలో గింజ ముఖ్యం. నాటు కాయను పట్టుకుంటే చేతికి జిడ్డంటుకుంటుంది, ఆ వాసన ఓ పట్టాన వదలదు. కన్నడంలో దాన్ని ‘సొగడు’ అంటారు.

గింజలు ఒలిచి, నీళ్లలో నానబెట్టి, రెండు వేళ్లమధ్య నొక్కితే పప్పు చటుక్కున బయటికొస్తుంది. అదే పితికిపప్పు. కొబ్బరి, వెల్లుల్లి, ధనియాలు, లవంగం, చెక్క నూరి వేసి పలుచగా ఉడికించి, వేడి రాగిసంగటితో తినాలి. ఇది ఒక్కరితో అయ్యే పని కాదు. ఇంటిల్లిపాదీ గిన్నె చుట్టూ చేరి పితకాలి. పెద్దవాళ్ల కబుర్లు పిల్లల చెవిన పడేదీ అప్పుడే.

పగటిపొద్దు తగ్గితేగాని నాటు అనప పూతకు రాదు. వానలకు రాగిచేలో సాళ్లుగా వేసినా కాయ చలికాలంలోనే. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారి ‘హెబ్బాళ అవరె’ కొత్త రకాలకు ఆ పట్టింపు లేదు. రైతుకు అది మేలే. సొగడు మాత్రం నాటుకాయదేనని తినేవారి మాట.

బ్యాంకులో పంటరుణాలు చూసినవాణ్ణి. దరఖాస్తులో వేరుశనగ ఉంటుంది, రాగి ఉంటుంది. నడుమ నాలుగు సాళ్ల అనపకు గడి ఉండదు. అది తగ్గినా ఏ రిజిస్టరులోనూ కనబడదు. తిరుమణి పరిసరాల్లో అయిదు ఊళ్ల భూములు, దాదాపు 13,000 ఎకరాలు, సౌరవిద్యుత్ పార్కుకు కౌలుకు వెళ్లాయి. 2018లో ఆ పార్కు ప్రారంభమైంది. కరువు సీమలో ఏటా ఖాయంగా చేతికందే కౌలును వద్దనమని ఎవరు చెప్పగలరు? కాని ఆ చేలలో ఇక విత్తే పని లేదు.

జపాన్‌లోని కనజావా నగరంలో ‘కాగా త్సురుమామె’ అనే కాయ ఉంది. అదీ మన అనప జాతిదే. 1945కు ముందునుంచీ అక్కడ పండుతున్న 15 రకాలను ‘కాగా కూరగాయలు’గా గుర్తించి నిలుపుకుంటున్నారు, వాటిలో ఇదొకటి. వారు లేత కాయను తొక్కతోనే ఉడికించి తింటారు. పేరుపెట్టి అడిగి కొనేవారుంటే రైతు విత్తనం దాచుకుంటాడు. కామర్సు చదివినవాడిగా నాకు తెలిసిన సూత్రం ఇదే.

డిసెంబరు, జనవరి నెలల్లో ఆ దారిన వెళితే సంతలో “నాటు అనపకాయలున్నాయా?” అని తెలుగులోనే అడగండి. ఓ రెండు కిలోలు తెచ్చి, రాత్రికి పిల్లలచేత పితికించండి.