తాతగారి రివాల్వర్‌... ఏ తూటా?

అమెరికాలో తాతగారి వెబ్లీ రివాల్వర్‌ చేతికొచ్చిన మనవడికి ముందు పుట్టే కోరిక... ఒక్కసారి పేల్చి చూడాలని! చిక్కంతా అక్కడే. 1915లో బ్రిటిష్‌ సైన్యం తీసుకున్న ఈ మార్క్‌ 6ను .455 తూటా కోసం చేశారు. రెండో ప్రపంచయుద్ధం తరవాత అమెరికా బజారుకొచ్చిన వాటిలో చాలావాటికి, అక్కడ తేలిగ్గా దొరికే .45 ఏసీపీ పట్టేలా సిలిండర్‌ వెనకభాగాన్ని అరగదీశారు. పట్టింది కదాని పేల్చేయడమేనా? పాత తూటా ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 13 వేల పౌండ్లు. ఏసీపీది 21 వేల దాకా! సిలిండర్‌ పగిలితే పోయేది తుపాకీ ఒక్కటే కాదు... వేళ్లూ, కళ్లూ. అందుకే తెలిసినవాళ్లు ముందు తుపాకులు బాగుచేసే నిపుణుడికి చూపిస్తారు. అరగదీయనిదైతే .455 తూటాలే వాడతారు. అరగదీసిందైతే మందు తగ్గించి ప్రత్యేకంగా చేసినవి. నిపుణుడు తల అడ్డంగా ఊపాడా... ఇక దాని చోటు తాతగారి ఫొటో పక్కన గోడమీదే!