బియ్యం ఆగినప్పుడు తెలిసిన మాటలు

ఈసారి బియ్యం గురించి మాట్లాడుకుందాం. ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాటే కదా, ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అనుకోకండి. నాకు అరవై దాటాయి. ఈ మాట, దీని చుట్టూ ఉన్న మాటలు నాకు బాగా వంటబట్టింది ఒక ప్రభుత్వ ఉత్తర్వు వల్ల.

నేను చదివిందంతా ఇంగ్లీష్ మీడియం. ఇంట్లో తెలుగు విన్నాను, మాట్లాడాను. అక్షరాలు మాత్రం యాభై దాటాక నాకు నేనే దిద్దుకున్నాను. ఇంగ్లీష్‌లో పొలంలో ఉన్నదీ రైసే, సంచీలో ఉన్నదీ రైసే, కంచంలో ఉన్నదీ రైసే. తెలుగులో అలా కుదరదు. పొలంలో నిలబడి ఉంటే వరి. కోసి నూరిస్తే వడ్లు. పొట్టు తీస్తే బియ్యం. మరలో విరిగిపోతే నూకలు. వడ్లని ముందే ఉడకబెట్టి, ఆరబెట్టి, తర్వాత మర పట్టిస్తే ఉప్పుడు బియ్యం. వండితే అన్నం. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి: బియ్యం బహువచనం, అన్నం ఏకవచనం. "బియ్యం అయిపోయాయి", "అన్నం అయిపోయింది" అంటాం. నా తెలుగు విని మా బంధువులు నవ్వింది చాలాసార్లు ఇక్కడే.

ఇక ఉత్తర్వు సంగతి. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బియ్యం ఎగుమతి ఆపేసింది. ఆ రాత్రే కువైట్‌లో మా ఫోన్లన్నీ మోగడం మొదలుపెట్టాయి. అమెరికాలో మనవాళ్ళు సోనా మసూరి సంచుల కోసం క్యూలు కట్టిన వీడియోలు వచ్చాయి. అందరూ "రైస్ బ్యాన్, రైస్ బ్యాన్" అంటున్నారు. కానీ ఏ రైస్? ఇంగ్లీష్‌లో చదివితే నాకు గందరగోళంగా ఉంది. తెలుగు మాటల్లో పెట్టుకుని చూస్తే విడిపోయింది. నూకల ఎగుమతి 2022 సెప్టెంబరులోనే ఆపేశారు. ఇప్పుడు ఆపింది బాస్మతి కాని తెల్ల బియ్యం. ఉప్పుడు బియ్యాన్ని ఆపలేదు, ఆగస్టులో దాని మీద 20 శాతం సుంకం వేశారు. బాస్మతినీ ఆపలేదు, టన్నుకి 1200 డాలర్ల కంటే తక్కువకి అమ్మకూడదన్నారు, తర్వాత దాన్ని 950కి తగ్గించారు. చూశారా, మన వంటింటి మాటలు వస్తే అంతర్జాతీయ వార్త కూడా అర్థమవుతుంది.

ఇప్పుడు మా బిల్డింగ్‌లో మా అంతస్తు చూడండి. ఒక ఇంట్లో కువైటీ కుటుంబానికి వండిపెట్టే వంటమనిషి ఉంటాడు. ఆయన రోజూ చేసేది మచ్‌బూస్, అంటే మసాలా నీళ్ళలో మాంసంతో ఉడికించిన బాస్మతి. ధర కొంచెం పెరిగింది, అంతే. పక్కింటి మలయాళీ కుటుంబం తినేది ఉప్పుడు బియ్యం. వాళ్ళకి దొరుకుతూనే ఉన్నాయి. చివరి ఇంట్లో ఈజిప్టు వాళ్ళు, వాళ్ళకి కావాల్సింది రొట్టె. వాళ్ళ కంగారంతా అంతకు ముందు ఏడాదే అయిపోయింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు వాళ్ళు రోజూ ఊరికి ఫోన్ చేసేవాళ్ళు, ఎందుకంటే ఈజిప్టు కొనే గోధుమల్లో ఎక్కువ భాగం రష్యా, ఉక్రెయిన్‌ల నుంచే వచ్చేవి. 2023లో ఆ అంతస్తులో నిజంగా ఇబ్బంది పడ్డది ఒక్క మా ఇల్లే. మేం తినేది సోనా మసూరి, తెల్ల బియ్యం.

ఇక్కడ మీకు రెండు అరబిక్ మాటలు చెప్పాలి. కువైటీలు అన్నాన్ని "ఐష్" అంటారు. ఈజిప్టు వాళ్ళకి "ఐష్" అంటే రొట్టె. అసలు ఆ మాటకి అర్థం బతుకు. ఎవరికి దేనితో బతుకు గడుస్తుందో దానికి ఆ పేరు పెట్టుకున్నారు. 2011లో కైరో తహ్రీర్ చౌక్‌లో జనం అరిచిన నినాదంలో మొదటి మాట అదే. రెండో మాట చింతపండు. అరబిక్‌లో దాన్ని "తమ్ర్ హిందీ" అంటారు, అంటే ఇండియా ఖర్జూరం. ముబారకియా బజారులో చింతపండు కావాలంటే ఆ మాట అంటే చాలు.

ఎగుమతి ఆపడం తప్పా? నా అభిప్రాయం అడిగితే, ఏ దేశానికైనా ముందు తన ప్రజల కడుపు చూసుకునే హక్కు ఉంది. ఆ ఏడాది వానలు ఆలస్యమయ్యాయి, ఊళ్ళో ధరలు పెరుగుతున్నాయి. హైదరాబాద్‌లో, కడపలో కిలో బియ్యం కొనుక్కునే మనిషిని మర్చిపోయి నేను కువైట్‌లో కూర్చుని నా పులిహోర కోసం గొడవ పెట్టుకోలేను. కానీ ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం ఇండియావే. అంత పెద్ద దుకాణం ఒక్క రాత్రిలో తలుపు మూస్తే దెబ్బ తగిలేది బలహీనుడికే. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్ లాంటి చోట్ల జనం నూకలనే ఇష్టంగా వండుకుంటారు. మనం కోళ్ళకి వేసే నూకలు అక్కడ పండగ భోజనం. ఈ తలుపుకి ఇటువైపు కూడా మనవాళ్ళే ఉన్నారు. ఓడ రాకపోతే కాకినాడ రేవులో హమాలీకి ఆ రోజు కూలీ ఉండదు. అందుకే నేను అనేది, ఆపాల్సి వస్తే ఆపండి, కానీ ముందుగా చెప్పి, మెల్లగా ఆపండి.

కువైట్‌లో బలహీనుడు ఎవరో నాకు శుక్రవారాల్లో తెలుస్తుంది. శుక్రవారం ఇక్కడ సెలవు. మేమంతా పూజకు కలుస్తాం, ప్రసాదం వంటలో నేను సేవ చేస్తాను. కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి వచ్చిన డ్రైవర్లు, కూలీలు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళు, సెలవు దొరికినవాళ్ళు వస్తారు. వాళ్ళలో చాలామందికి వారంలో ఇంటి రుచి ఉన్న అన్నం ఆ ఒక్క పూటే. కారు, జీతం ఉన్నవాళ్ళు మొదటి వారంలోనే ఐదేసి సంచులు కొనేశారు. నెల జీతం వచ్చాక ఐదు కిలోలు కొనుక్కునే కుర్రాడు దుకాణానికి వెళ్ళేసరికి అరలు ఖాళీ. రాయచోటి కుర్రాడొకడు నన్ను అడిగాడు, "అమ్మా, బియ్యం మళ్ళా యాడన్నా వచ్చినాయా?"

సంచులు దాచుకున్నవాళ్ళని నేను తిట్టను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ఇక్కడికి వచ్చింది. ఆ తర్వాత లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులు ఇళ్ళు వదిలి, చాలామంది బస్సుల్లో అమ్మాన్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాలు ఎక్కారు. అది చూసిన తరానికి ఖాళీ అర కనబడితే చెయ్యి దానంతటదే సంచీ మీదకి వెళ్తుంది. ఈ దేశం తినేదంతా దాదాపు బయటి నుంచే రావాలి. ఓడలన్నీ హోర్ముజ్ దాటే రావాలి. భయానికి కారణం ఉంది. కానీ దాచుకున్న అందరికీ ఒకటే గుర్తు చేశాను: ఆ రోజుల్లో మనల్ని కాపాడింది దాచుకున్న సంచీ కాదు, సంచీలు వదిలేసే కదా వెళ్ళాం.

దసరా దగ్గరపడింది. ప్రసాదం ఎలా అని మాట్లాడుకున్నాం. ఈసారి చిన్న కప్పుల్లో తలా కాస్త పెడదాం అన్నారు ఒకరు. బాస్మతితో పులిహోర చేద్దాం అన్నారు ఇంకొకరు. బాస్మతి మెతుకు దేనికదే విడిపోతుంది, చింతపండు పులుసు పట్టదు, అది పులిహోర కాదు అని నేను గట్టిగానే చెప్పాను. కప్పుల సంగతికి ఇంకా గట్టిగా చెప్పాను. కారులో ఇంటికి వెళ్ళేవాళ్ళకి కప్పు చాలు. బస్సెక్కి ఆరుగురు ఉండే గదికి వెళ్ళేవాళ్ళకి చాలదు. చివరికి ఇలా అనుకున్నాం: పులిహోర గోధుమ రవ్వతో చేద్దాం, ఉన్న బియ్యమంతా పప్పన్నానికి, పెరుగన్నానికి పెడదాం, ఇంటికొక తవ్వ బియ్యం తెద్దాం.

తవ్వ అంటే ఏమిటో మా పిల్లలకి తెలియదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పాత కొలతలు ఇవి. ఎవరింట్లోనూ తవ్వ పాత్ర లేదు, స్టీలు గ్లాసులు, పెరుగు డబ్బాలే తవ్వలయ్యాయి. ఐదు సంచులు కొన్న ఆయన సగం సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. రాయచోటి కుర్రాడు మూడోసారి పెరుగన్నం వేయించుకున్నాడు.

తెల్ల బియ్యం ఎగుమతి మళ్ళీ 2024 సెప్టెంబరు 28న మొదలైంది. అంటే పద్నాలుగు నెలలు. ఈ మధ్యలో ఉల్లిపాయల ఎగుమతి కూడా 2023 డిసెంబరులో ఆపి, 2024 మేలో వదిలారు. ఇప్పుడు దుకాణంలో సోనా మసూరి బాగానే దొరుకుతున్నాయి. మేం మాత్రం ఇంటికొక తవ్వ తెచ్చే పద్ధతి మానలేదు. ఎందుకు మానాలి?

మీకు ఈసారి ఒక చిన్న పని. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ చేసి, నూకలతో వాళ్ళ చిన్నప్పుడు ఏం వండేవాళ్ళో అడగండి. ఉప్మా అంటారు, జావ అంటారు, ఏమన్నా వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ఆ తర్వాత ఏ ఏడాది బియ్యం దొరకలేదో కూడా అడగండి. ఆ ఫోన్ ఐదు నిమిషాల్లో అయిపోదు, చూడండి.