మూడు బిళ్ళలు

తెలుగు ఉపన్యాసకుడు ఛందస్సును గూర్చియో, ప్రబంధాలను గూర్చియో వ్రాయాలి గాని, ప్లాస్టిక్ బిళ్ళలను గూర్చి వ్రాయడమేమిటని మా విద్యార్థులు నవ్వుకోవచ్చు. నవ్వినా సరే. గత సంక్రాంతి సెలవులలో మూడు ప్లాస్టిక్ బిళ్ళలు మా ఇంట చేసిన మేలు, నేను చదివిన గ్రంథాలేవీ చేయలేకపోయాయి.

మా తమ్ముడు టెక్సాస్‌లో ఉద్యోగి. స్వదేశానికి వస్తున్న ఒక మిత్రుని చేత చిన్న పెట్టె పంపాడు. చాక్లెట్లో, గడియారమో ఉంటుందనుకొని విప్పితే లోపల మూడు బిళ్ళలు, ఒక చీటీ ఉన్నాయి. అక్కడ డిస్క్ గోల్ఫ్ అనే ఆట ఉన్నది. గోల్ఫులో బంతిని కర్రతో కొట్టి గుంతలో పడవేసినట్లే, ఇందులో బిళ్ళను చేతితో విసిరి, స్తంభానికి అమర్చిన గొలుసుల బుట్టలో పడవేయాలి. తక్కువ విసురులతో ఆట ముగించినవాడే విజేత. ఆ బుట్టను రూపొందించిన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలో తొలి మైదానాన్ని ఏర్పరచాడు. 2002లో ఆయన మరణించిన పిమ్మట, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్కులో కలిపి కొన్ని బిళ్ళలు పోతపోశారు. ఆటమీది మమకారం అంతదాకా పోగలదు!

దూరపు విసురుకు వాడే బిళ్ళను డ్రైవర్ అంటారు. మన క్రీడోత్సవాలలో పురుషులు విసిరే డిస్కస్ అడ్డుకొలత 22 సెంటీమీటర్లు, బరువు 2 కిలోలు. డ్రైవర్ అడ్డుకొలత సుమారు 21 సెంటీమీటర్లే అయినా, బరువు 175 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే. డిస్కస్ ప్రధానంగా బాహుబలంతో పోతుంది. డ్రైవర్ గాలినే ఆధారం చేసుకొని పోతుంది. అందుకే దాని అంచును వాలుగా చెక్కినట్లు సన్నగా చేస్తారు. 1983లో ఇన్నోవా సంస్థవారు ఇట్టి అంచుగల బిళ్ళను తెచ్చిన తరువాత ఈ ఆట స్వరూపమే మారిపోయింది.

గణవిభజనకు అలవాటుపడిన నాకు వారి లక్షణశాస్త్రం వెంటనే నచ్చింది. ప్రతి బిళ్ళ నడతనూ నాలుగంకెలలో చెబుతారు: ఎంత వేగం కోరుతుంది, ఎంతసేపు తేలుతుంది, వేగంలో ఉండగా ఎంత కుడికి తిరుగుతుంది, వేగం తగ్గాక ఎంత ఎడమకు వాలుతుంది. కుడిచేతివాడు చేతిని ఎడమ నుండి కుడికి త్రిప్పి విసిరినప్పటి లెక్క ఇది. తిరిగే బిళ్ళ బొంగరం వంటిది. గాలి దాని ముందుభాగాన్ని పైకెత్తబోతే, అది పైకి లేవక పక్కకు ఒరుగుతుంది. చివరి వాలుకు కారణం అదే.

మాకు వచ్చినవాటిలో ఒకటి కొత్త డిస్ట్రాయర్. దాని అంకెలు 12, 5, –1, 3. స్టార్ అనే ఖరీదైన ప్లాస్టిక్కుతో చేసినది. వంచితే వంగి, మరల యథాస్థితికి వస్తుంది. ఎన్ని దెబ్బలు తిన్నా త్వరగా అరగదు. రెండవది కొత్త లెపర్డ్. దాని అంకెలు 6, 5, –2, 1. చవకైన డి.ఎక్స్. ప్లాస్టిక్కుది, చేతికి పట్టు బాగా దొరుకుతుంది గాని తొందరగా గాట్లు పడుతుంది. మూడవది కూడా అదే లెపర్డ్, అదే ప్లాస్టిక్కు, అయితే వాడి వాడి అరిగిపోయినది.

ఆదోనిలో రణమండల కొండ కనబడే ఒక బీడులో మొదటి పరీక్ష చేశాను. డిస్ట్రాయర్ ముప్ఫై అడుగులైనా పోకముందే ఎడమకు తిరిగి నల్లరేగడిలో గ్రుచ్చుకున్నది. అది కోరే వేగం నా చేతిలో లేదు. కొత్త లెపర్డ్ కొంత దయ చూపి, దాదాపు తిన్నగా పోయి చివర ఎడమకు వాలింది. పాతది మాత్రం మెల్లగా కుడికి ఒరిగి, మళ్ళీ సర్దుకొని, అన్నిటికన్న దూరంగా పోయి దిగింది. చవక ప్లాస్టిక్కు అరిగేకొద్దీ ఎడమకు వాలే మొండితనం తగ్గుతుందట. వేగం చాలని చేతికి అదే అనుకూలం.

ఇక అసలు విషయం. 2021 మే నెలలో మా తల్లి కరోనాతో మరణించినప్పుడు తమ్ముడు రాలేకపోయాడు. వస్తే తిరిగి అమెరికా పోవడానికి దారి మూసుకుపోయిన రోజులవి. "మనసుంటే వచ్చేవాడు" అన్నారు మా అబ్బాజాన్. అప్పటినుండి ఫోనులో సలాముకు బదులు చెప్పి, ఫోను నా చేతికిచ్చేవారు. జనాజా మోసినవాణ్ణి నేనన్న గర్వంతో నేనూ ఆ కోపాన్ని ఆర్పలేదు. పెట్టెలోని చీటీని సైతం ఆయనకు చూపలేదు.

సెలవులలో అందరం ఎమ్మిగనూరులోని మా అక్కగారింటికి వెళ్ళాము. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఊరది. వేరుశనగ పీకిన చేనులో మేనల్లునితో కలిసి బిళ్ళలు విసురుతుంటే అబ్బాజాన్ గట్టుమీద కూర్చొని చూస్తున్నారు. ఆయన ఆదోని జిన్నింగు మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేసినవారు. దూదిని రెండు బొటనవ్రేళ్ళ నడుమ లాగి, పోగు పొడవు ఎంతో చెప్పగలరు.

"ఏందిరా బేటా అవి, మూకుళ్ళ మాదిరి? ఇట్లా తే" అన్నారు.

కొత్తవి రెండూ ఒకమారు వంచి చూచి పక్కన పెట్టారు. పాతదాని అంచుమీద మాత్రం బొటనవ్రేలు చాలాసేపు నడిపారు.

"ఇవన్నీ చెట్లకు తగిలిన దెబ్బలు గదా. శానా దినాలు విసిరినాడే. ఒక్కడేనా?"

నేను జేబులోని చీటీ తీసి చదివాను. అమ్మీ పోయిన నాటినుండి పని ముగియగానే పార్కుకు పోయి చీకటి పడేదాకా ఒంటరిగా విసిరేవాడినని, ఇంటికి పోతే నిద్ర పట్టేది కాదని అందులో వ్రాసి ఉన్నది.

అబ్బాజాన్ ఏమీ అనలేదు. అసర్ నమాజు చేసుకొని వచ్చి, "వానికి ఫోను కలుపు" అన్నారు. అక్కడ ఇంకా తెల్లవారలేదని నేను చెప్పినా వినలేదు. తమ్ముడు నిద్రగొంతుతో సలాము చెప్పగానే, "ఆ పాత మూకుడు బాగా పోతాందిరా. కొత్తవి మాట వినేట్లు లేవు" అన్నారు. తరువాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను చేనులోకి నడిచి వెళ్ళాను.

కొత్త బిళ్ళలు రెండూ మన కళాశాల క్రీడాగదిలో ఉంచాను. విద్యార్థులెవరైనా తీసుకొని విసరవచ్చు. డిస్ట్రాయర్‌కు తగిన వేగంగల చేయి మీలో ఎవరికైనా ఉండకపోదు. పాతదానిని మాత్రం అడగవద్దు, అబ్బాజాన్ ఇవ్వరు.