నీరు పల్లమెరుగు

అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోని పాత ఇళ్ళలో, కిటికీల కింద కదలక మెదలక కూర్చుని ఉండే ఇనుప రేడియేటర్లను చూసినప్పుడల్లా నాకు మన ఉమ్మడి కుటుంబాలలోని వృద్ధులు గుర్తుకు వస్తారు. రాత్రిళ్ళు దగ్గుతారు, మూలుగుతారు, ఇంటిల్లిపాదినీ నిద్ర లేపుతారు. అయినా వారున్నంత కాలమే ఇంటికి వెచ్చదనం.

న్యూజెర్సీలో మేముంటున్న ఇల్లు 1920ల నాటిది. నేలమాళిగలో ఒక బాయిలరు, గదికొక పోత ఇనుప రేడియేటరు. ఒక్కొక్క రేడియేటరుకు ఒకే గొట్టం. ఆవిరి ఎక్కవలసినదీ, చల్లబడి నీరై దిగవలసినదీ ఆ ఒక్క దారిలోనే. పంపు లేదు, పంకా లేదు. నీరు ఆవిరిగా మారేటప్పుడు సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. పైకి నడిపించేది ఆ బలం, కిందకు దింపేది భూమ్యాకర్షణ.

ఒక చలికాలం మా అమ్మ మా దగ్గర ఉండడానికి వచ్చింది. ఆమె పడుకునే ఉత్తరపు గదిలోని రేడియేటరు సగమే వేడెక్కేది. పైగా అర్ధరాత్రి ఎవరో సుత్తితో బాదినట్లు చప్పుడు. మోకాళ్ళ నొప్పులతో అసలే నిద్ర పట్టని మనిషి. చూడవచ్చిన ఒక గుత్తేదారు అన్నీ పీకివేసి వేడిగాలి గొట్టాలు వేయించుకొమ్మన్నాడు. అంత సొమ్ము పోసే ముందు ఈ యంత్రం చెప్పదలచుకున్నదేమిటో తెలుసుకుందామనిపించింది.

మొదట రసమట్టం పెట్టి చూశాను. ఇటువంటి రేడియేటరు గొట్టం ఉన్న వైపుకు కొద్దిగా వాలి ఉండాలి. మా గదిలో నేల కుంగి అది ఎదురు వాలుకు తిరిగింది. దిగవలసిన నీరు లోపలే నిలిచిపోయింది. వేగంగా వచ్చిన ఆవిరి ఆ నీటిని ఎత్తి ఇనుముకేసి కొడుతుంది, ఆ చప్పుడు అదే. దూరపు కాళ్ళ కింద రెండు రేకు బిళ్ళలు దోపాను. ఆ రాత్రి సుత్తి మోగలేదు.

ఇక సగం చల్లదనం. రేడియేటరు పక్కన తూటాలాంటి చిన్న బుడిపె ఉంటుంది. లోపలి గాలిని బయటకు వదలి, ఆవిరి తాకగానే మూసుకునే వెంటు అది. ఎవరో రంగు వేసినప్పుడు దాని రంధ్రం పూడిపోయింది. గాలి పోనిదే ఆవిరి రాదు. సంగతి చెబితే అమ్మ నవ్వింది: "ఇడ్లీపాత్ర మూతకు చిల్లు ఎందుకు పెడతారనుకున్నావు నాయనా?" బాయిలరు ఆపి, అంతా చల్లబడ్డాక పాతది విప్పి, కొత్తదాని మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాను. అన్నట్టు, ఒంటి గొట్టపు రేడియేటరు వాల్వు పూర్తిగా తెరచి ఉండాలి, లేదా పూర్తిగా మూసి ఉండాలి. సగం తెరిస్తే ఆవిరి దూరుతుంది, నీరు దిగదు.

ఈ రేడియేటర్లు గదికి మించిన పెద్దవిగా ఎందుకున్నాయన్నది మరొక కథ. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా తరువాత, గాలి ఆడేందుకు కిటికీలు తెరచినా గడ్డు చలిలో ఇల్లు వెచ్చగా ఉండాలని వీటిని లెక్కగట్టారని, 1992లో "ది లాస్ట్ ఆర్ట్ ఆఫ్ స్టీమ్ హీటింగ్" ప్రచురించిన డాన్ హోలోహన్ చెబుతూ వచ్చారు. 2020లో మళ్ళీ కిటికీలు తెరచుకున్నప్పుడు ఆ పూర్వుల ముందుచూపు నాకు అర్థమైంది.

అయితే ముచ్చట పడి ఊరుకునే వస్తువు కాదిది. 2016 డిసెంబరులో న్యూయార్కు బ్రాంక్స్‌లో, ఒక అపార్టుమెంటు రేడియేటరు నుండి వెలువడిన ఆవిరికి ఇద్దరు పసిపిల్లలు, అక్కచెల్లెళ్ళు, మరణించారు. మా ఇంట్లోనూ పాకే బిడ్డ ఉన్నప్పుడు ఆ వార్త చదివిన చేతులతో రెంచి పట్టుకోవడం తేలిక కాలేదు. పాత రంగులో సీసం ఉండవచ్చు; ఇళ్ళకు అటువంటి రంగుల వాడకాన్ని అమెరికాలో నిషేధించింది 1978లో మాత్రమే. కనుక గీకడం మానుకున్నాం. రేడియేటర్లకు తొడుగులు చేయించాం. పిల్లల మంచాలను దూరంగా జరిపాం. పీడనం చదరపు అంగుళానికి 2 పౌండ్లు దాటకుండా చూస్తాం. చలికాలమంతా వారానికొకసారి గాజుగొట్టంలో నీటిమట్టం చూసి, నీరు తగ్గితే మంటను ఆర్పే సాధనం నుండి మడ్డినీరు బకెట్లోకి వదులుతాం. వాల్వుల జోలికీ, బాయిలరు జోలికీ మాత్రం లైసెన్సున్న పనివాడే వెళ్ళాలి.

హాల్లోని ఒకటి పగిలితే మార్చక తప్పలేదు. ఆవిరి రేడియేటరు ఉపరితలం చదరపు అడుగుకు గంటకు 240 బీటీయూల వేడినిస్తుందన్నది లెక్క. గదికి కావలసిన వేడిని దానితో భాగించి, పాత సామాను కొట్టులో సరిపోయినదాన్ని వెతికాం. బాయిలరు మార్చేటప్పుడు కూడా లెక్కించవలసింది ఇంటి వైశాల్యాన్ని కాదు, రేడియేటర్ల మొత్తం ఉపరితలాన్ని.

మిగిలినవన్నీ ఉంచుకున్నాం. పాతదన్న మమకారం ఒక్కటే కారణం కాదు. దేనిని బాగుచేయవచ్చో, దేనిని తీసివేయాలో తేడా తెలిశాక భయం జాగ్రత్తగా మారింది. అమ్మ ఆ చలికాలం మార్చి దాకా ఉంది. మోకాళ్ళ నొప్పి తగ్గిందని అనలేదు. ఉదయం ఆరింటిదాకా నిద్ర పడుతోందని మాత్రం అంది.