జ కింది చుక్క

మా కళాశాల వార్షిక సంచికకు రెండు ముఖాలు. కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు. ఈ ఏడు తెలుగు భాగపు భారం నామీద పడింది. వ్యాసాలు రాబట్టడం ఒక ఎత్తు, వాటిని కంప్యూటరులో కూర్చడం మరొక ఎత్తు అని అప్పుడు తెలిసివచ్చింది.

ఒకనాటి సాయంకాలం కంప్యూటరు శాఖలోని యువమిత్రుడొకడు తెరమీద ఏవో గీతలు చూపి, "ఇది ఏ లిపో చెప్పుకోండి మాష్టారూ" అన్నాడు. వలయాలు, బాణాలు, త్రికోణాలు, నడుమ నడుమ గ్రీకు అక్షరాలు. తాయెత్తులోని రేకు కాబోలు అనుకున్నాను. అది ఎ.పి.ఎల్. అనే కంప్యూటరు భాష అట. కెన్నెత్ ఐవర్సన్ అనే కెనడా గణితవేత్త హార్వర్డులో పాఠాలు చెప్పే రోజులలో కల్పించుకున్న సంకేతాలవి. 1962లో గ్రంథరూపం పొంది, 1966 నాటికి ఐ.బి.ఎం. యంత్రాలకెక్కాయి. మాటలలో పుటెడు పట్టే లెక్కను ఈ గుర్తులతో ఒక్క పంక్తిలో ఇమడ్చవచ్చునట.

"మరి ఇన్ని గుర్తులకు మీటలెక్కడివి?" అని అడిగాను.

ఆనాటి ఐ.బి.ఎం. టైపు యంత్రంలో అక్షరాలన్నీ ఒక చిన్న గోళం మీద ఉండేవి. దానిపై 88 గుర్తులకే చోటు. చాలనివాటిని ఒకదానిమీద మరొకటి కొట్టి పుట్టించేవారు. వలయం కొట్టి, బండిని ఒక్క అడుగు వెనుకకు జరిపి, దానిపై నక్షత్రం కొడితే లాగరిథమ్. ఉద్ధరణ చిహ్నం కొట్టి, మళ్లీ వెనుకకు జరిపి, కింద చుక్క కొడితే ఫాక్టోరియల్.

వెనుకకు జరిపి చుక్క కొట్టడమన్న మాట చెవిన పడగానే మా నాన్నగారు కళ్లముందు మెదిలారు.

ఆయన పేరులో 'జలీల్' అనే మాట ఉంది. మహిమాన్వితుడని అర్థం, దైవనామాలలో అదొకటి. ఉర్దూలో దానిని 'జీమ్' అనే అక్షరంతో రాస్తారు. ఆ చోట 'జాల్' అనే అక్షరం పెట్టి, ఇంగ్లీషు జెడ్ ధ్వనితో పలికితే నీచుడని అర్థం మారిపోతుంది. తెలుగులో రెండింటికీ ఒకటే జ. పైగా జలుబు, జాము, జున్ను అనేటప్పుడు మనం జకారాన్ని దంతాలకు తాకించి పలుకుతాము. ఆ అలవాటుతో 'జలీల్' అంటే ఉర్దూ చెవికి వినిపించేది రెండవ అర్థమే.

గుడివాడలో నన్ను బడిలో చేర్చిన నాడు ఉపాధ్యాయులు ప్రవేశపత్రం చూసి, ఎంతో ఆదరంగా, "ౙలీలుగారి అబ్బాయివా నువ్వు?" అన్నారు. వెనుక కూర్చున్న మా వీధి పిల్లలిద్దరు కిసుక్కుమన్నారు. ఇంటికి వచ్చి ఏడ్చాను. "ఆయన గౌరవంగానే పిలిచారు బేటా. ఉన్న అక్షరం ఒక్కటైతే ఆయనేం చేస్తారు?" అన్నారు నాన్నగారు.

ఆ అక్షరంతో ఆయన పేచీ నా పుట్టుకకు ముందునుండీ ఉన్నదే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచి, వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఆయన బందరులో అర్జీలు టైపు కొట్టి బ్రతికే యువకుడు. నీరు తీసిన తరువాత యంత్రాన్ని మోసుకుని అవనిగడ్డ వెళ్లి, ఒక చెట్టు కింద బల్ల వేసుకుని, ఇల్లూ మనుషులూ పోయినవారి అర్జీలు కొట్టారు. అజీజ్, నజీర్ వంటి పేర్లు వచ్చినప్పుడు జ కొట్టి, బండిని ఒక అడుగు వెనుకకు జరిపి, రోలరును రవ్వంత తిప్పి, కింద చుక్క పెట్టేవారు. తన పేరుకు చుక్క లేకపోవడమే గుర్తుగా ఉండాలని ఆయన ముచ్చట.

నాగాయలంక వైపునుండి వచ్చిన ఒక వితంతువు పేరు కూడ ఆ ధ్వనితోనే మొదలయ్యేది. ఆమె అర్జీ తిరిగి వచ్చింది. పేరులో దిద్దుబాటు ఉన్నదని, ఎవరో అక్షరాన్ని మార్చారని గుమాస్తా అనుమానపడ్డాడట. ఆమె మళ్లీ అంత దూరమూ వచ్చింది. నాన్నగారు చుక్క తీసివేసి కొత్త ప్రతి కొట్టి ఇచ్చారు, డబ్బు పుచ్చుకోలేదు. ఆ తరువాత ఏనాడూ చుక్క పెట్టలేదు.

ఇదంతా విని మిత్రుడు యూనికోడ్ సంగతి ఎత్తాడు. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. యంత్రం దాచుకునేది బొమ్మను కాదు, ఆ సంఖ్యను. క్ష అనేది మన కంటికి ఒకే అక్షరం. యంత్రానికది క, పొల్లు, ష అనే మూడు సంఖ్యల వరుస. అందులో తెలుగుకు కేటాయించిన గదులు 128. ఎ.పి.ఎల్. గుర్తులకు వేరుగా సుమారు డెబ్బై గదులు దక్కాయి. వలయంలోని నక్షత్రానికిప్పుడు సొంత సంఖ్య ఉంది, దానిని ఒకదానిపై ఒకటి కొట్టనక్కరలేదు. గ్రీకు అయోటాకు ఒక సంఖ్య, చూడడానికి అచ్చం దానిలాగే ఉండే ఎ.పి.ఎల్. అయోటాకు మరొకటి. పని వేరు గనుక గది వేరు. మా ఉర్దూ సంపాదకుల తంటా ఇటువంటిదే. అరబ్బీ 'యే', ఉర్దూ 'యే' పదమధ్యంలో ఒకే రూపంతో ఉంటాయి, సంఖ్యలు మాత్రం వేరు. ఒకదానితో కొట్టిన పేరును రెండవదానితో వెదికితే యంత్రం లేదు పొమ్మంటుంది!

"దంత్య జకారం ఉన్నది కదా, అది వాడకూడదా?" అన్నాడు మిత్రుడు. ఉన్నమాట నిజమే. బందరులో కొంతకాలం కొలువు చేసిన బ్రౌను దొర తన నిఘంటువులో వాడిన ఆ ౙ, ౘ లకు 2008లో యూనికోడ్‌లో స్థానం దొరికింది. కాని అది జలుబులోని ధ్వని, అజీజ్‌లోనిది కాదు. పైగా నేటి విద్యార్థులు ఆ అక్షరాన్ని చూసి అచ్చుతప్పు అనుకుంటారు.

నేను కోరినది మరొకటి. హిందీలో అక్షరం కింద పెట్టే నుక్తా వంటిది తెలుగుకూ 2021లో, యూనికోడ్ 14వ కూర్పులో వచ్చింది. ఈ సంగతి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నవ్వకండి. తెల్లవారి చూస్తే మా యంత్రంలో దానికి మీట లేదు. ఎలాగో తెచ్చి అతికిస్తే, మేము వాడే ఫాంటుకు ఆ గుర్తు తెలియక, జ పక్కన చుక్కల వలయమొకటి వెలిసింది. గుమాస్తా అనుమానం యంత్రానికీ అంటుకున్నదన్నమాట.

మిత్రుడు రెండు రోజులు కూర్చుని కొత్త మీటల అమరిక తయారుచేశాడు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో భారతీయ లిపులన్నిటికీ ఒక ధ్వనికి ఒకే మీట. జ ఇంగ్లీషు పి మీద ఉంటుంది. హిందీ నుక్తా ఉండే బ్రాకెట్టు మీటకే తెలుగు నుక్తానూ తగిలించాడు. ముందు జ, వెంటనే చుక్క, ఆపైన గుణింతం: వరుస తప్పరాదు. ఫాంటు విషయంలో రెండు తిరస్కరించి మూడవదానితో సరిపెట్టుకున్నాము.

ఆదివారం నాన్నగారిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. తన పేరు, దాని కింద అజీజ్, చుక్క ఉన్నదీ లేనిదీ పక్కపక్కన చూపాలని నా ఆత్రం. ఆయన మీటలకేసి చాలాసేపు చూశారు.

"ముందు ఆమె పేరు కొట్టు" అన్నారు.

ఎవరి పేరని అడగనక్కరలేకపోయింది. కొట్టి, కాగితం మీద అచ్చుతీసి ఇచ్చాను. కళ్లజోడు పైకి జరుపుకుని, కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి పరీక్షించారు.

"చుక్క కాస్త ఎడమకు జరిగింది" అన్నారు.