తీరిక లేని తండ్రి

తల్లి మీద పాటలు ఏ దేశంలోనయినా కావలసినన్ని ఉంటాయి. తండ్రి సంగతి అలా కాదు. ఇంటద్దె కట్టేవాడు ఆయనే, బడి జీతం కట్టేవాడూ ఆయనే గాని, ఆయన మీద ఒక పాట కడదామన్న బుద్ధి మాత్రం కవులకు సాధారణంగా పుట్టదు. పుట్టిన కొద్దిమందిలో అమెరికా గాయకుడు హేరీ చేపిన్ ఒకడు. 1974లో ఆయన పాడిన 'కేట్స్ ఇన్ ది క్రేడిల్' అనే పాట, ఆ ఏడు డిసెంబరులో ఒక వారం పాటు అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. ఆయన పాటల్లో అంత ఎత్తుకు వెళ్ళినది అదొక్కటే.

పేరు విని కంగారు పడకండి. రెండు చేతుల వేళ్ళకీ దారం తగిలించుకుని పిల్లలు ఆడే ఆట ఒకటి ఉంది చూశారూ, దాన్ని తలపించే పేరు అది. కథ మాత్రం మన ఇంటి కథే. కొడుకు పుడతాడు. తండ్రికి ఉద్యోగం, ప్రయాణాలు, తీర్చవలసిన బాకీలు. పిల్లవాడు నడక నేర్చే వేళకు ఆయన ఊళ్ళో ఉండడు. బంతి కొని ఇస్తాడు గాని, కలిసి ఆడడానికి ఈవేళ వీలు కాదంటాడు. పిల్లవాడు అలగడు, ఏడవడు. పెద్దయితే నాన్నలాగే అవుతానంటాడు. అవుతాడు కూడా! చివరికి తండ్రి ఉద్యోగం మాని, తీరిక చిక్కి, కొడుక్కి ఫోను చేస్తే, అవతల కొడుక్కి ఉద్యోగంలో చికాకులు, పిల్లలకి జ్వరం. చూడాలనే ఉంది నాన్నా, తీరికే లేదని ఎంతో మర్యాదగా చెబుతాడు.

ఈ తండ్రి తాగుబోతు కాడు. చెయ్యి చేసుకునే రకమూ కాడు. ఆయన చెప్పిన కారణాలు ఒక్కొక్కటే తీసి చూడండి, అన్నీ సబబుగానే ఉంటాయి. ప్రయాణం నిజమే, బాకీలూ నిజమే. కాని అవన్నీ కూడి లెక్క చూస్తే ఒక బాల్యం ఖర్చయిపోయింది! దుర్మార్గుడైన తండ్రి కథ అయితే విని, పాపం అనుకుని ఊరుకుందుము. ఇది మంచివాడి కథ గనకనే విన్నవాళ్ళు ఊరుకోలేకపోయారు.

ఇంకో విశేషం. ఈ పాటకు మూలం హేరీ రాసినది కాదు, ఆయన భార్య శాండీ రాసుకున్న పద్యం. ఆమె మొదటి భర్తకూ, రాజకీయాల్లో తలమునకలుగా ఉండే ఆయన తండ్రికీ నడుమ మనసిచ్చి మాట్లాడుకోవడం కుదరకపోవడం ఆమె దగ్గర ఉండి చూసింది. అది పద్యమయింది. ఆమె చూపించినప్పుడు హేరీ దాన్ని అంతగా పట్టించుకోలేదు. 1972లో వాళ్ళకి కొడుకు జాష్ పుట్టాడు. ఆ తరవాత గాని ఆ పద్యంలో ఏముందో ఆయన చెవికెక్కలేదు. అప్పుడు స్వరం కట్టి పాట చేశాడు.

హేరీ తండ్రి జిమ్ చేపిన్ పేరుపడ్డ జాజ్ డ్రమ్మరు. కచేరీల కోసం ఊళ్ళు తిరిగిన మనిషి. హేరీ చిన్నతనంలోనే తల్లిదండ్రులు విడిపోయారు కూడాను. అలాంటి ఇంట పెరిగిన కొడుకు పాటగాడై మళ్ళీ ఊళ్ళు పట్టుకు తిరిగాడు. ఈ పాట తలచుకుంటే తనకే భయం వేస్తుందని జాష్ పేరెత్తి సభల్లో చెప్పుకునేవాడట.

పాటను ప్రజలు నెత్తిన పెట్టుకున్నారు. విమర్శకుల్లో కొందరు మాత్రం హేరీ పాటలన్నిటికీ పెట్టినట్టే దీనికీ వంక పెట్టారు. కన్నీళ్ళు పిండుతున్నాడన్నారు, నీతులు చెబుతున్నాడన్నారు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. కాని ఏడిపించేది పాటా, మన చరిత్రా అని వాళ్ళు విచారించినట్టు లేదు. 1993లో 'అగ్లీ కిడ్ జో' అనే కుర్రకారు దళం దీన్నే గట్టి వాయిద్యాలతో మళ్ళీ పాడితే, అదీ అమెరికా పట్టికలో ఆరవ స్థానం దాకా వెళ్ళింది. మొదటి పాట విన్నవాళ్ళ పిల్లలు అప్పటికి ఎదిగివచ్చారు మరి!

ఇక హేరీ సంగతి. 1975లో ప్రపంచంలో ఆకలి బాధ పోగొట్టాలని ఒక మిత్రుడితో కలిసి సంస్థ పెట్టాడు. ఏడాదికి రెండు వందల కచేరీల దాకా చేసి, వాటిలో సుమారు సగం ధర్మకార్యాలకే పాడేవాడు. 1981 జూలై 16న, న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలండులో ఒక ఉచిత కచేరీకి వెళ్ళవలసిన రోజున, రోడ్డు మీద ఆయన కారును లారీ గుద్దింది. అప్పటికి ఆయన వయస్సు 38. జాష్‌కి ఇంకా పదేళ్ళు నిండలేదు. 1987లో, ఆయన బతికి ఉంటే 45వ పుట్టినరోజు జరుపుకోవలసిన నాడు, దేశం బంగారు పతకం ఇచ్చి గౌరవించింది.

ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఆకలిగొన్నవాళ్ళ కోసం తిరిగిన మనిషిని ఏమనగలం? అయినా ఒక్క మాట. నాన్న ఆఫీసు పని మీద వెళ్ళాడా, పరోపకారానికి వెళ్ళాడా అన్న భేదం పిల్లవాడికి లేదు. వాడికి తెలిసినదల్లా సాయంత్రం అయింది, నాన్న రాలేదు అన్నదే. మంచి పని అయినంత మాత్రాన ఆ సాయంత్రం తిరిగి రాదు.

మన ఇళ్ళల్లో ఈ కథకి ఇంకో అంకం చేరింది. చదువు, చదువు అని తరిమి పెంచిన కొడుకు న్యూజెర్సీలోనో డల్లాసులోనో ఉంటాడు. ఆదివారం ఫోను చేస్తాడు. తండ్రి కులాసా అడుగుతాడు, వాతావరణం అడుగుతాడు, తరవాత ఏం అడగాలో తోచక, "ఉండు, అమ్మకి ఇస్తాను" అంటాడు. ఇద్దరికీ ప్రేమ లేకనా? మాట్లాడుకునే అలవాటు లేక! ఆ అలవాటు అయిదో ఏట బంతాటలో మొదలు కావాలి గాని, అరవయ్యో ఏట ఫోనులో మొదలు కాదు.

అయితే పాట చెప్పినట్టు కొడుకులందరూ తండ్రి అచ్చులోనే దిగుతారని నేనొప్పుకోను. లేనిది తెలిసినవాడే దాని విలువ కట్టి, తన పిల్లల దగ్గర కూర్చున్న ఇళ్ళు నేనెరుగుదును. ఇంట్లో శాండీ వంటి మనిషి చెప్పిన మాట సకాలంలో చెవిన వేసుకోవాలి, అంతే. ఎవరి సాయంత్రాలు ఎటు పోతున్నాయో ముందుగా కనిపెట్టేది ఇల్లు చూసుకునే మనిషే.

ఈ పాట నిడివి నాలుగు నిమిషాలయినా లేదు. వినడానికి ఇప్పుడు తీరిక లేదు, ఆదివారం చూద్దామంటారా? పాటలో ఆ తండ్రి అనే మాటా అదే సుమండీ!